దొర ఎందుకాగాడు

మానుకోట కాలేజీ గ్రౌండులో పొద్దున్నే పరుగు తీసే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం నవ్వు కూడా వస్తుంది. మిలిటరీ సెలెక్షన్ల కోసం గూడూరు నుంచి, నర్సింహులపేట నుంచి బైకుల మీద వస్తారు. ఒక్కొక్కడి ఫోను తెర మీద తుపాకీ ఎత్తిన సైనికుడి బొమ్మ. నేను రిటైరై వచ్చాక వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను నోరు తెరవకముందే గూడూరు పిల్లవాడు ఒకడు అడిగాడు.

"కాకా, నువ్వు లడాయిల ఏ గన్ను కాల్చినవ్?"

"గన్ను కాల్చలే బిడ్డా. ఖచ్చర్‌ను తోలిన."

"ఖచ్చర్ అంటె ట్యాంకా?"

"కంచర గాడిద."

ఒకడు వంగి, కట్టే ఉన్న షూ లేసు మళ్లీ కట్టుకున్నాడు. మిగతావాళ్లు మర్యాదగా వేరే వైపు చూశారు. నాకు ఇది కొత్త కాదు. పెళ్లిచూపుల్లో మా నాయిన "మిలిట్రీల డ్రైవరు" అని చెప్పి ఊరుకున్నాడు. మా ఆవిడ లారీ అనుకుంది. సంగతి తెలిసేసరికి మెడలో తాళి పడిపోయింది. ఇప్పటికీ నేను ఏదైనా గొప్పకు పోతే "లారీ అనుకున్న" అంటుంది.

ఆ పిల్లల్లో కొందరికైనా నాలాంటి కొలువే దొరుకుతుంది. తుపాకీ పట్టేవాళ్ల వెనక నీళ్లు మోసేవాళ్లు, వంట చేసేవాళ్లు, పశువుల్ని చూసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. హవల్దారుగా దిగిపోయాను, అక్కడితో అయిపోయింది.

లద్దె కుప్ప మీద పరిచయం

మా నాయినకు ఒక జత ఎడ్లుండేవి. ఎద్దు మొరాయిస్తే మా దగ్గర ఎవరైనా చేసే పనే ఆయనా చేసేవాడు. వెనక్కి పోయి తోక మెలిపెట్టేవాడు. ఎద్దు కదిలేది. జంతువు నడవాలంటే మీట తోకలో ఉంటుందన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న నమ్మకం.

ఆ నమ్మకంతోనే జనగామ స్టేషన్‌లో రైలెక్కి ఉత్తరాదిన ట్రైనింగుకు పోయాను. లాయంలో తలా ఒక ఖచ్చర్‌ను అప్పగించి, నీళ్ల తొట్టి దాకా నడిపించుకు రమ్మన్నారు. నాది కదల్లేదు. బతిమాలాను, లాగాను. చివరకు వెనక్కి పోయి తోక పట్టి, నాయిన నేర్పినట్టే మెలిపెట్టాను.

తర్వాతి సంగతి చూసినవాళ్లు చెప్పిందే. నేను గాల్లోకి లేచి, లాయం బయట లద్దె కుప్ప మీద వెల్లకిలా పడ్డానట. లద్దె అంటే ఖచ్చర్ పేడ. మెత్తగా ఉంటుంది, అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఇంకా ఊపిరి అందక అక్కడే పడి ఉండగా, ఇంకొకడు వచ్చి నా పక్కనే పడ్డాడు. వాడి నోట్లోంచి వచ్చిన తిట్టు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మన తిట్టు.

"మీది ఏ ఊరే?" అన్నాను.

"రేగొండ. నువ్వు గూడ తోకనే మెలిపెట్టినవా?"

"మరి ఇంకెట్ల తోల్తరు?"

"గదే నేనంట" అన్నాడు సమ్మయ్య. నా పేరు యాకయ్య అని చెప్పగానే యాకన్నా అని పిలిచాడు, మా స్నేహం అట్లా మొదలైంది.

మాకు పని నేర్పే ఉస్తాదు కొండ ప్రాంతపు మనిషి. పొట్టిగా ఉండేవాడు, గొంతు మాత్రం లోయ అవతలికి వినిపించేది. మా ఇద్దరి కాళ్లు నొక్కి చూసి, ఎముకలు బాగున్నాయని తేల్చుకున్నాక హిందీలో అడిగాడు, "మీ దేశంలో బండ్లకు ఇంజన్లు వెనక ఉంటాయా?" లాయమంతా నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పాడు. ఖచ్చర్ దగ్గరికి ఎప్పుడూ ముందు నుంచి, ఎడమ భుజం పక్కగా పోవాలి. పోతూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. నువ్వెక్కడున్నావో దానికి తెలియాలి, అంతే.

"ఏ భాషలో మాట్లాడాలి ఉస్తాద్?" అని అడిగాను.

"నీకు తిట్టడం ఏ భాషలో బాగా వస్తే ఆ భాషలో" అన్నాడు.

పేరు

నన్ను తన్నిన ఖచ్చర్‌నే నాకు ఖాయం చేశారు. కాగితాల్లో దానికి ఒక నంబరు. అదే నంబరు గిట్ట మీద కాల్చి వేసి ఉంటుంది. నంబరు పెట్టి తిట్టడం కుదరదు గనక తోలేవాళ్లు సొంతంగా ఒక పేరు పెట్టుకుంటారు. నావాడి నడక చూస్తే ఆ దారి వాళ్ల తాత వేయించినట్టుండేది. ఎదురుగా ఎవరొచ్చినా పక్కకు జరగడు. దాణా కళ్ల ముందుకొస్తే తప్ప తల తిప్పడు. దొర అని పేరు పెట్టాను.

మా తాత ఊరి దొర గడీలో వెట్టి చేసినవాడు. నేను రోజూ పొద్దున దొర కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. కాలు పట్టుకోగానే "నీ కాల్మొక్త దొరా" అనేవాణ్ణి. ఆ మాట వింటేనే కాలు ఎత్తి ఇచ్చేవాడు. ఇంకెవరు ఏ భాషలో అడిగినా ఇచ్చేవాడు కాదు.

"మీ తాత జూస్తె ఏమంటడు?" అని సమ్మయ్య ఒకసారి అడిగాడు.

"మూట ఎవని మీదున్నదో జూస్తడు. సంతోషపడ్తడు."

దొరను నేను అది అని ఎప్పుడూ అనలేదు. ఇక్కడా ఆయన అనే రాస్తాను. ఆయన నాకు అన్నీ ఒప్పుకున్నాడు, ఒక్క తోక తప్ప. వెనక్కి చెయ్యి పోతే చాలు, చెవులు పడుకోబెట్టి కాలు లేపేవాడు. మొదటి రోజు నేను చేసిన పని మరిచిపోలేదన్నమాట.

ఇక అసలు పని సంగతి. పొద్దున లేవగానే ఒళ్లంతా మాలిష్. తర్వాత దాణా, నీళ్లు, గిట్టలు. జీనుకు రెండు పక్కలా బరువు సమంగా కట్టాలి. ఒక పక్క లాగితే జీను జారుతుంది, వీపు పుండు పడుతుంది, నాలుగు మాటలు మనకు పడతాయి. ఈ ఉద్యోగంలో సగం లద్దె ఎత్తడం. మిగతా సగం, ఎత్తిన లద్దెను పరీక్షగా చూడటం. జంతువు ఒంట్లో ఏం జరుగుతోందో అదే చెబుతుంది. దీనికి సిగ్గుపడేవాళ్లు ఈ కొలువులోకి రావద్దు.

పెద్దసార్లు

పైఅధికారుల్లో అన్ని రకాలూ చూశాను. ఒకాయనకు ఇన్‌స్పెక్షన్ రోజు ఖచ్చర్ల తోకలన్నీ ఒకే తీరుగా, నిలువుగా వేలాడాలి. ఈగలకు ఆ ఆర్డరు ఎవరూ చదివి వినిపించలేదు. ఆయన ముఖం ఎర్రబడే కొద్దీ తోకలు ఇంకా గట్టిగా ఊగాయి.

ఇంకో కెప్టెన్ సాబ్ కుర్రవాడు, మంచివాడు, ఉపన్యాసాల పిచ్చి. ఒక పండుగ రోజు ఖచ్చర్లకు బంతిపూల దండలు వేయించి, తనూ ఒకటి వేసుకుని, మూగజీవాల విశ్వాసం గురించి మొదలుపెట్టాడు. పక్కనే ఉన్న దొర మొదట తన దండ తిన్నాడు, తర్వాత కెప్టెన్ సాబ్ దండ అందుకున్నాడు. సాబ్ పొంగిపోయి, "చూశావా, నా మెడ మీద ముఖం పెట్టాడు" అన్నాడు. అవును సాబ్ అన్నాను. అప్పటినుంచి విశ్వాసం గురించి ఎవరు గొంతు పెంచినా నాకు నమిలే దవడలే గుర్తొస్తాయి.

నేను మనసారా గౌరవించింది మా పశువుల డాక్టర్ మేజర్ సాబ్‌ను. లాయంలోకి వస్తే ముందు జంతువును పలకరించి, తర్వాత మమ్మల్ని పలకరించేవాడు. జబ్బు తెలియకపోతే తెలియదనే చెప్పేవాడు. ఆ మాట అనగలిగిన పెద్దసార్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

లడాయి

నేను కొలువులో ఉండగా ఒక వేసవి కొండల మీద లడాయి జరిగింది. రోడ్డు ఉన్నంత దాకా లారీలు పోయేవి. రోడ్డు ఆగిన చోట మా పని మొదలయ్యేది. పైకి నీళ్లు, గుండ్లు, కిరోసిన్, రొట్టెలు. కిందికి దెబ్బ తగిలినవాళ్లు, కొన్నిసార్లు చనిపోయినవాళ్లు.

ఖచ్చర్ కొండదారిలో లోయ అంచునే పట్టి నడుస్తుంది. లోపలి పక్కన నడిస్తే మూట బండకు తగులుతుందని దానికి తెలుసు. మొదటిసారి చూసినప్పుడు పడిపోతామనుకున్నాను. లోపలికి లాగాను. మూట బండకు కొట్టుకుని ఇద్దరం ఊగిపోయాం. ఆ తర్వాత దారి విషయంలో దొరకు సలహాలు ఇవ్వడం మానేశాను.

గుండ్లు పడేటప్పుడు కొన్ని ఖచ్చర్లు తాళ్లు తెంపుకునేవి, కొన్ని చెట్టులా నిలబడిపోయేవి. ఎన్నో పోయాయి. ఇక్కడ గొప్పలు పోకుండా ఒక మాట చెప్పాలి. ఖచ్చర్‌కు దేశం తెలియదు, శత్రువు తెలియదు. మేం తాడు పట్టుకుని నడిచాం, అవి వెంట వచ్చాయి. దేనికోసమని అవి అడగలేదు. అడిగినా మా దగ్గర వాటికి చెప్పే జవాబు లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆగిన చోటు

ఒక రోజు మధ్యాహ్నం పై పోస్టుకు సరుకు చేర్చేసరికి అక్కడ గుండు పడి ఉంది. మాకన్నా ముందు చేరిన సమ్మయ్య ఖచ్చర్ చచ్చిపోయింది. సమ్మయ్య ముఖం నిండా రాతి తునకలు, రెండు కళ్లకూ కట్టు. పక్కనే తొడ చీలిన ఒక సిపాయి. ఇద్దర్నీ కిందికి చేర్చాలి. సాయంత్రంలోగా చేరకపోతే సిపాయి ప్రాణం, సమ్మయ్య కళ్లు రెండూ దక్కవన్నారు.

సిపాయిని దొర మీద కూర్చోబెట్టి, నేను ముందు పట్టుకునే తాడు తప్ప ఉన్న తాడంతా వాడి కాళ్లకూ నడుముకూ చుట్టి కట్టాం. సమ్మయ్య నడవగలడు, కాని చూడలేడు. దారి ఒక్క మనిషి పట్టేంతే ఉంది. పైగా మంచుపొగ దిగి, రెండు బారల అవతల ఏముందో కనిపించడం లేదు. నేను దొర ముందుండాలి. సమ్మయ్య వెనక రావాలి. వెనక పట్టుకోవడానికి ఉన్నది ఒక్కటే.

నేను దొర ముందుకాలి దగ్గర వంగి, కాలు ముట్టుకుని, "నీ కాల్మొక్త దొరా, గీ ఒక్కపారికి" అన్నాను. తమాషాకు అనలేదు. తర్వాత సమ్మయ్య చెయ్యి పట్టి మెల్లగా తోక మీద పెట్టాను. చెవులు పడుకున్నాయి.

"తంతె ఏంది యాకన్నా?" అన్నాడు సమ్మయ్య.

"తంతె లోయల పడ్తవ్. గిక్కడనే ఉంటె గూడ సస్తవ్."

"మంచిగ ధైర్యం జెప్పినవ్" అన్నాడు, గట్టిగా పట్టుకున్నాడు. దొర తన్నలేదు. నడిచాడు.

మాట్లాడుతూనే దిగాం. నేను ముందు నుంచి దారి చెప్పేవాణ్ణి, సమ్మయ్య వెనక నుంచి దొరను, నన్ను, లడాయి పెట్టినవాళ్లను వరస తప్పకుండా తిట్టేవాడు. కొంత దూరం పోయాక గాలి లేచింది. దాని హోరులో వెనక మాట నాకు వినిపించడం మానేసింది. ఇంకో మలుపు తిరిగాక దొర ఆగాడు.

తాడు లాగాను. రాలేదు. పై నుంచి ఎప్పుడు గుండు పడుతుందో తెలియదు, జీను మీద సిపాయి మూలుగుతున్నాడు. "నీ దొరతనం పాడుగాను, నడువు" అని ఇంకా గట్టిగా లాగాను. నాలుగు కాళ్లూ తన్నిపెట్టి, మెడ చాచి నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తి, బండకు ఒళ్లు రాసుకుంటూ పక్కకు వచ్చాను. అప్పుడు చూశాను. తోక ఊరికే వేలాడుతోంది. వెనక మనిషి లేడు.

తాడు రాయికి చుట్టి, దారిని తడుముకుంటూ వెనక్కి పోయాను. మలుపు దగ్గర నల్లటి ఐసు మీద జారిన గీత, దాని కింద నిలువెత్తు లోతున ఒక బండ, ఆ బండ మీద ముడుచుకుని సమ్మయ్య. బండ అవతల ఏమీ లేదు. ఊపిరి పోయేలా పడ్డాడు గనక అరవలేకపోయాడు. బెల్టు విప్పి కిందికి వేసి, బోర్లా పడుకుని, తిడుతూ ఏడుస్తూ పైకి లాగాను.

మేం తిరిగొచ్చేసరికి దొర అక్కడే ఉన్నాడు. ఆయన కాళ్ల కింద మంచు పచ్చగా కరిగి, ఆవిరి లేస్తోంది. తీరిగ్గా ఉచ్చ పోసి నిలబడ్డాడు. సమ్మయ్య చెయ్యి మళ్లీ తోక మీద పెట్టాను. నేను తాడు లాగకముందే నడిచాడు.

వాదన

సిపాయి బతికాడు. సమ్మయ్యకు ఒక కన్ను పోయింది, ఒకటి దక్కింది. ఇంటికి పంపించారు. రేగొండలో చిన్న హోటల్ పెట్టుకున్నాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా మిర్చీ బజ్జీలు తినేవాళ్లకు ఆ కథ చెప్పేవాడు, చివర్లో నావైపు తిరిగేవాడు.

"నేను ఇడిసిన సంగతి దొరకు ఎర్కయింది. నాకోసమే ఆగిండు."

"ఉచ్చకు ఆగిండు" అనేవాణ్ణి. "నా కండ్లతోని జూసిన. మూట మీదుంటె ఖచ్చర్లు నడుసుకుంట పొయ్యలేవు, ఆగుతయ్."

"ఆగినంక పోసిండు. పోసేటందుకు ఆగలే."

"నువ్వు బండ మీద పండుకుంటివి, నీకెట్ల తెలుసు?"

"తోక పట్టుకున్నోన్ని నేను. నువ్వు మూతి పట్టుకున్నవ్. నీకేం తెలుసు?"

హోటల్లో ఓటింగు పెట్టేవాడు. ఎప్పుడూ వాడే గెలిచేవాడు, మిర్చీలు వాడివి కదా. నా మాటే సరైందని నేనూ దిగేవాణ్ణి కాదు. కెప్టెన్ సాబ్ ఉపన్యాసం నా కళ్ల ముందుండేది.

కాలు

లడాయి అయిపోయాక ఒక వానాకాలం, మామూలు దారిలో, మామూలు మూటతో పోతుంటే కొండచరియ జారి దొర ముందుకాలు విరిగింది. ఎముక బయటికి వచ్చింది. డాక్టర్ మేజర్ సాబ్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత నాతో, "తెలియదని చెప్పాలని ఉంది యాకయ్యా. కాని తెలుసు. ఇది అతకదు" అన్నాడు. నొప్పి లేకుండా ప్రాణం తీసే సూది వేయాలి. కావాలంటే నన్ను దూరంగా పొమ్మన్నాడు.

పోలేదు. ముందు వైపు, ఎడమ భుజం పక్కన నిలబడ్డాను. ఉస్తాదు చెప్పినట్టే మాట్లాడుతూ ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. విరగని కాలు పట్టుకుని కాల్మొక్త దొరా అన్నాను. అంత నొప్పిలోనూ అలవాటు కొద్దీ ఆ కాలు ఎత్తబోయాడు. నేను అందరి ముందూ ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు.

రేగొండకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. సమ్మయ్య ఒక్క మాట అడిగాడు, "ముందల నిలవడ్డవా, ఎనుకనా?"

"ముందల."

"మంచిది" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత నేను ఉచ్చ వాదన ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కారణం చెప్పేస్తాను. ఉచ్చకు ఆగిన జంతువు చచ్చిపోతే బాధపడి ఊరుకోవచ్చు. మనకోసం ఆగినవాణ్ణి తాడు పట్టుకుని పంపించామంటే, ఆ బరువు రెండు పక్కలా సమంగా కట్టడం నాకు చేతకాలేదు.

తువ్వాల

పోయిన చలికాలం సమ్మయ్యకు మిగిలిన ఒక్క కంటికీ శుక్లం వచ్చింది. గుండ్ల మధ్య జోకులేసినవాడు దీనికి భయపడ్డాడు. "గిది గూడ పోతె ఏంది యాకన్నా?" అని ఫోన్‌లో అడిగాడు. నేనే పోయి హన్మకొండలో ఒక కంటి దవాఖానకు తీసుకుపోయాను. కట్టు విప్పాక చూపు బాగానే వచ్చిందని, ఇప్పుడు నా బట్టతల దూరం నుంచే కనిపిస్తోందంటున్నాడని ముందే చెప్పేస్తున్నాను. కాని ఆపరేషన్ అయిన రోజు అది మాకు తెలియదు.

ఆ రోజు ఆ కంటికి కట్టు వేసి, రేపు విప్పి చూద్దాం, ఇంటికి పొమ్మన్నారు. ఆటో గేటు బయట ఉంది. చెయ్యి పట్టుకోబోయాను.

"చెయ్యి పడ్తె ముసలోడనుకుంటరు. నువ్వు ముందల నడువు" అని, నా భుజం మీది తువ్వాల వెనక కొస పట్టుకున్నాడు.

వరండా నిండా జనం. "మెట్లున్నయ్. బెంచీ ఉన్నది, ఎడమకు రా. ఎవలదో చెప్పుంది" అని చెప్పుకుంటూ నడిచాను. వెనక నుంచి వాడు డాక్టర్లను, మెట్లు కట్టినవాళ్లను, నన్ను వరసగా తిడుతున్నాడు. గేటు దగ్గరికొచ్చేసరికి తిట్లు ఆగిపోయాయి. భుజం మీద తువ్వాల వదులైంది.

నా కాళ్లు ఆగిపోయాయి. ఏమైందని అనుకోవడానికి కూడా నాకు వ్యవధి లేదు. గిర్రున వెనక్కి తిరిగాను.

సమ్మయ్య పడలేదు. నాలుగడుగుల వెనక, రెండు చేతులూ వదిలేసి, కంటికి కట్టుతో నిటారుగా నిలబడి ఉన్నాడు. కావాలనే వదిలేశాడు. నా చెప్పుల చప్పుడు ఆగడం విని, ముఖం నావైపు తిప్పి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఎందుకాగినవ్ యాకన్నా?" అన్నాడు. "ఉచ్చొచ్చిందా?"